బాప్తిస్మం కాగితం

మా వాడల మనిషికి రెండు పేర్లుంటయి. ఒకటి బడి రిజిస్టర్ల, ఇంకోటి చర్చిల. మా అవ్వకు రేషన్ కార్డుల ఎల్లమ్మ దేవర పేరు, ఆదివారం బైబిల్ పేరు. చదువుకున్నోళ్లు దీన్ని దొంగతనం లెక్క చూస్తరు. ఈ దొంగతనం మాకు నేర్పిందెవరో ముందు అడగాలె. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరాలో మతం షరతు పెట్టిండ్రు. 1956ల సిక్కులకు, 1990ల బౌద్ధులకు తలుపు తీసిండ్రు. క్రైస్తవులకు తీయలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ మన దగ్గర బీసీ-సీ, అంతమందికి కలిపి ఒక్క శాతం. మరి చర్చికి పోయొచ్చిండని ఏ పటేలన్నా మా తాతను అరుగు మీద కూసోబెట్టిండా?

మాది బోధన్ దిక్కు చెరుకు పల్లె. 1931ల మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు పూర్తయింది, కాలువ నీళ్లొచ్చినయి. 1937ల శక్కర్‌నగర్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. గుంటూరు దిక్కు నుంచి వచ్చిన రైతులు క్యాంపులేసుకొని స్థిరపడ్డరు. భూములు పటేండ్లయి, క్యాంపోళ్లయి. కత్తి మాది. సీజన్ల మా నాయిన కోడి కూయకముందే లేచి చెరుకు కొట్ట పోయెటోడు. ఆకు కోసుకొని చేతులన్నీ గీతలు గీతలు. అవ్వ మోపులు కట్టేది. కాటా కాడ తూకమైనంక నాయిన టన్నుకింత, ముఠాల మనిషికింత అని నోటిలెక్కతోనే పంచేటోడు. ఆయనకు అక్షరం రాదు. లెక్క మాత్రం ఒక్కనాడు తప్పలే. నేను బీఎస్సీల లెక్కలు తీసుకున్నది ఆ కాటా కాడనే అనుకుంట.

మా వాడకు అక్షరాన్ని తెచ్చింది మిషన్. డిచ్‌పల్లిలో 1915ల ఇసాబెల్ కెర్ దొరసాని కుష్ఠురోగుల దవాఖాన పెట్టింది. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన పెద్ద గుడిని 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రు. ఆ మెథడిస్టు మిషనోళ్లే పల్లెలకు పంతుళ్లను పంపిండ్రు. వారమంతా పలక, ఆదివారం కీర్తన, రెంటికీ ఒక్కడే పంతులు. మా నాయనమ్మ చిన్నప్పుడు చింతచెట్టు కింద ఓనమాలు దిద్దింది ఆయన ముందటనే. సర్కారు బడిల గుమ్మం బయట కూసోబెట్టే రోజులవి. అందుకే మాకు 'పంతులు' అంటే బాపనాయన కాదు, మా అసొంటోడే.

2012ల ఎడ్‌సెట్ రాసిన. నిజామాబాద్‌ల ఒక క్రైస్తవ సంస్థ నడిపే బీఎడ్ కాలేజీ ఉన్నది, మా ఊరి నుంచి బస్సున్నది. తెలిసిన పాస్టరు ఒకాయన, "బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చుకోమ్మా, మైనారిటీ సీటు సులువుగ వస్తది" అన్నడు. ఆ మాట మంచికే అన్నడు. అప్పటికి నాకు బాప్తిస్మం కాలేదు. అవ్వకు పెండ్లికి ముందే అయింది, నాయిన తీసుకోనేలేదు. కీర్తనలన్నీ నాకు నోటికొచ్చు, ప్రార్థన చేయనొచ్చు, కాని నీళ్లల్ల నిలబడలే. ఆ కాగితం ఫైల్ల పడితే రేపు డీఎస్సీల ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. ఫీజు రీయింబర్స్‌మెంటూ దాని మీదనే. అవ్వ రాత్రంతా నిద్రపోలే. తెల్లారి, "నౌకరొచ్చెదాంక ఆగుదం బిడ్డా, దేవుడేడికి పోతడు" అన్నది. కౌన్సెలింగ్‌ల ఎస్సీగానే పోయిన. వచ్చింది ఆ కాలేజీలోనే.

పొద్దున ప్రేయర్ల గొంతెత్తి పాడేదాన్ని. "అన్ని చరణాలు ఎట్లొచ్చు నీకు?" అని పక్కపిల్ల అడిగింది. తాతల నాటి రెడ్డి క్రైస్తవుల పిల్ల. నా జవాబు వినకముందే, "ఓ, మీరు ఎస్సీ క్రిస్టియన్సా" అన్నది. తహశీల్దారుకు కనబడని క్రైస్తవం ఆమెకు కనబడ్డది, చర్చి తుడవలేని కులమూ కనబడ్డది. క్రిస్మస్ ముందు సంస్కార ఆరాధన పెట్టిండ్రు. రొట్టె, ద్రాక్షారసం తీసుకొనుటకు అందరు వరుసకట్టి ముందటికి పోతుంటే నేను బెంచీ మీదనే కూసున్న. వెనక కూసున్న హిందూ పిల్లలకు అది మామూలే. నాకు ఆకలైనట్టయింది.

చదువు మాత్రం గట్టిగ చెప్పిండ్రు. అది కాదనను. బోర్డు మీద గీత వంకర పోనియ్యకపోయేది. మైక్రోటీచింగ్‌ల నా ఇబ్బంది వేరే. "గీ రెండు కలుపుండ్రి" అంటే క్లాసంతా నవ్వేది. క్యాంపుల నుంచి వచ్చిన పిల్లల తెలుగు పుస్తకం తెలుగుకు దగ్గర, నాది కాటా కాడి తెలుగు. టీచింగ్ ప్రాక్టీసుకు ఒక సర్కారు హైస్కూలుకు పంపిండ్రు. నిష్పత్తి పాఠం. పుస్తకంల పంచదార కిలోలు, పాల లీటర్లు. నేను చెరుకు బండి తెచ్చిన: ఏడుగురు కొట్టిండ్రు, ఇద్దరు పొద్దుగాల్లనే ఎల్లిపోయిండ్రు, పైసలెట్ల పంచాలె? వెనక బెంచీల నుంచి పోరలు లేచిండ్రు. "సగం రోజుకు సగం కాదు టీచర్, తీసిన సాళ్లు చూడాలె" అని ఒకడు నాకే చెప్పిండు. పిరియడ్ అయిపోయింది, లెక్క తెగలే. సూపర్‌వైజర్ నా రికార్డుల రాసిండు: విద్యార్థుల భాగస్వామ్యం బాగుంది, భాష మెరుగుపరచుకోవాలి. ఆ రికార్డు ఇంకా నా తాన ఉన్నది.

ఆ తర్వాత టెట్, ట్యూషన్లు, ఎదురుచూపు. తెలంగాణ వచ్చింది. 2002ల ప్రైవేటు చేతికి పోయిన షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్ల మూతపడ్డది. నాయిన కత్తి చూరుల చెక్కిండు. 2017 టీఆర్టీ రాసి 2019ల నౌకరెక్కిన. మా ఇంట్ల మొదటి సర్కారు జీతం.

2024 నవంబర్ల ఒకనాడు స్టాఫ్‌రూముల ఒక సారు పేపర్ పైకి చదివిండు. పుదుచ్చేరి ఆమె ఒకామె బాప్తిస్మం తీసుకొని చర్చికి పోతది, ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది, సుప్రీంకోర్టు కుదరదన్నది. చదువుకుంట నా దిక్కు చూసిండా, లేదా, నాకు తెలువది. నేను కాపీలు దిద్దుకుంట కూసున్న. క్రైస్తవులైన దళితుల సంగతి చూడమని 2022ల బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రని చెప్పాలనుకున్న, చెప్పలే.

నౌకరొచ్చింది, అవ్వ మాట బాకీ ఉన్నది. ప్రమోషన్లున్నయి, రోస్టర్లున్నయి, కాగితం మీద కాగితం అడుగుతరు. నెలకోసారి సంస్కారం నాడు నేను బెంచీ మీద, అవ్వ ముందట మోకాళ్ల మీద. మొన్న తిరిగొచ్చేటప్పుడు ఆటోల మళ్లీ అడిగింది.

"రిటైరైనంక తీసుకుంటనే అవ్వా."

"ఎన్నేండ్లకు రిటైరు?"

"అరవై ఒకటికి."

అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది. నాయిన లెక్కనే, తప్పు పోదు. "అప్పటిదాంక నేనుంటనానే" అని కొంగుతోని మొఖం తుడుచుకొని, కూరగాయలోని కాడ ఆటో ఆపమన్నది.