పిల్లికి లేని మైల

పిల్లి మన కాళ్లకు ఒళ్లు రుద్దితే పాల కోసమే అనుకుంటాం. పాలొక్కటే కాదు. దాని బుగ్గల దగ్గర వాసన గ్రంథులుంటాయి. ఆ వాసన మనకు పూసి, నా మనిషే అని గుర్తు పెట్టుకుంటుంది. పెరిగిన పిల్లులు వాటిలో అవి మ్యావ్ అనుకోవడం తక్కువ. ఆ పిలుపు ఎక్కువగా మన కోసమే. దాన్ని చూస్తూ మెల్లగా కళ్లు మూసి తెరిస్తే చాలాసార్లు అదీ అలాగే చేస్తుంది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఈ సంగతి రాశారు.

మరి మనుషులు?

ఆళ్లగడ్డలో మా గేరి పిల్లి గోడ దూకి పెద్దకులాల వంటింట్లోకి పోయేది. పాలు తాగిందని తిట్టేవాళ్లు. ఇల్లు మాత్రం కడిగేవాళ్లు కాదు. వాళ్ల చేలో కలుపు తీసిన మా అమ్మకు ఆ గడప దాటే వీలు లేదు.

నంద్యాలలో చదువుకుంటూ అద్దెగది అడిగితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, చివరికి "మీరు ఏమోళ్లు?" చెప్పాక గది ఖాళీ లేదన్నారు. ఆ ఇంటి పిల్లి మాత్రం నా కాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉంది.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్, ఆయన వెంట వేలమంది చవదార్ చెరువు నీళ్లు తాగారు. జంతువులు తాగితే మైలపడని ఆ చెరువును మనుషులు తాగారని పేడ, గోమూత్రం పోసి శుద్ధి చేశారు.

పిల్లి మనిషిని వాసనతో, చేతి తీరుతో, కళ్లతో తెలుసుకుంటుంది. కులం దానికి ఎవరూ నేర్పలేదు. మనుషులకు నేర్పారు. నేర్పింది కాబట్టే వదిలించొచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గది కోసం పోయినచోట కులం అడిగితే మనసులో దాచుకోవద్దు. నలుగురిలో చెప్పండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

జై భీమ్.