పన్ను తీయించుకొనవలసి వచ్చినప్పుడు



సంఘ పత్రికలో పంటి నొప్పి గురించి వ్రాయుట ఏమిటని కొందరనుకొనవచ్చును. అయితే దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు ఇల్లిల్లు దర్శించుచు మేము చూచిన సంగతి ఒకటున్నది. జ్వరము వస్తే ప్రార్థన చేయుమని అడుగుదురు, గేదె మేత మానినను అడుగుదురు గాని, పంటి నొప్పిని మాత్రము చెప్పరు. చెంపకు తువ్వాలు చుట్టుకొని, లవంగము కొరుక్కొని, ఆదివారము వెనుక వరుసలో కూర్చుందురు. అడిగితే "నాట్లు అవనివ్వండి అయ్యగారూ" అందురు. నాట్ల తరువాత కోతలు, కోతల తరువాత క్రిస్మసు, ఆ పిమ్మట మినుము తీత. పన్ను ఈ పంచాంగము చూడదు.

మా సంఘములో కూలి చేసికొను ఒక సహోదరుడు ఇట్లే నెలలు గడిపెను. ఆయనకు షుగరు కూడ ఉన్నది. క్రింది దవడలో చివరి పన్ను పుచ్చి గుల్లయైనది. మొదట చల్లనీరు తగిలితే జివ్వుమనెడిది. తరువాత రాత్రులు నిద్ర లేదు. ఒకనాడు నొప్పి తనంతట తానే పోయినది. "ప్రభువు ముట్టాడండి" అని ఆయన సాక్ష్యము కూడ చెప్పెను. మోసము ఇక్కడనే యున్నది. పంటి లోపలి నరము చచ్చినప్పుడు నొప్పి ఆగును గాని, వేరు క్రింద ఎముకలో చీము పెరుగుచునే యుండును.

మూడు వారములకు దవడ వాచెను. వాపు గడ్డము క్రిందికి దిగి, నోరు తెరచుకొనక, ఉమ్మి కూడ మ్రింగలేకపోయెను. రాత్రి పూట ఆటోలో బందరు, అక్కడ నుండి అంబులెన్సులో విజయవాడ. మెడ క్రింద కోసి చీము తీసిరి, ఆ పన్నును కూడ అప్పుడే తీసిరి. ఇటువంటి వాపు గొంతును మూసివేస్తే గంటలలో ప్రాణము పోవచ్చునని డాక్టరు గారు మాకు బయట నిలువబడి చెప్పిరి. ఆయన భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండి, "పన్నుకి మనిషి పోతాడా అయ్యగారూ?" అని అడిగినది. అప్పుడే విన్న మాట ఆమెతో చెప్పుటకు మాకు నోరు రాలేదు. ఆమె ప్రక్కన కూర్చుండి ప్రార్థన చేసితిమి. దేవుని కృపవలన ఆయన బ్రదికెను. బిల్లు కొరకు పాడిగేదె పోయినది. ఆ పన్నును ఆరు నెలల ముందు తీయించి యుంటే కొన్ని వందలతో పోయెడిది.

డాక్టరు వద్దకు పోవుట అవిశ్వాసమని తలంచువారు మనలో ఇంకను ఉన్నారు. లూకా వైద్యుడు గదా! మంచి సమరయుడు గాయపడినవానికి నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టెను, ప్రార్థన చేసి దారిన పోలేదు. పంటిలో పురుగులు తీయుదుమని ఊరూరు తిరుగువారి యొద్దకు మాత్రము మనవారు జంకు లేకుండ పోవుదురు. పంటిలో పురుగులుండవు. వారు చూపునది వారు తెచ్చుకొన్నదే. జిల్లేడు పాలు పోసికొనుట ఇంకను ప్రమాదము, చిగురు కాలి పుండగును.

నొప్పి పెట్టిన ప్రతి పన్ను తీయవలసినది కాదు. పుచ్చు పైపైన ఉంటే సిమెంటుతో పూడ్చుదురు. నరము వరకు పోతే రూట్ కెనాల్ చేసి పన్నును నిలుపుదురు. పైన నిలుపుటకు పన్నే మిగలనప్పుడు, వేరు చీలినప్పుడు, చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగి పన్ను బాగుగా ఊగునప్పుడు, జ్ఞానదంతము అడ్డముగా పెరిగి మాటిమాటికి వాచునప్పుడు తీయుట మేలు. ఎక్స్‌రే చూచి డాక్టరే చెప్పవలెను. అయితే రూట్ కెనాలుకు, పై తొడుగుకు వేలు కావలెను, తీయుటకు వందలు చాలును. కూలివాని పన్నును ఏమి చేయవలెనో అనేకసార్లు డాక్టరు గాక జేబే నిర్ణయించుచున్నది. ఇది మాకు బాధ కలిగించు సంగతి. గన్నవరము ప్రక్కన చిన ఆవుటపల్లిలో సిద్ధార్థ దంత వైద్య కళాశాల ఉన్నది. ఇటువంటి కళాశాలలలో విద్యార్థులు గురువుల యెదుట వైద్యము చేయుదురు గనుక ఖర్చు సాధారణముగా తక్కువ. గుడివాడ వైపువారికి అది దూరము కాదు.

మాకును గుడివాడలో ఒక జ్ఞానదంతము తీసిరి గనుక ఆ కుర్చీ సంగతి చెప్పగలము. మత్తు సూది చిగురులో గ్రుచ్చునప్పుడు చీమ కుట్టినంత కాదు, కొంచెము ఎక్కువే. కొద్ది నిమిషములలో పెదవి మొద్దుబారి మనది కానట్లుండును. పట్టుకారుతో కదుపునప్పుడు నొప్పి తెలియదు గాని ఒత్తిడి తెలియును, దవడ అంతయు లాగినట్లుండును. కరకరమను చప్పుడు చెవిలో కాదు, తలలోనే వినబడును. దానికే మేము ఎక్కువగా భయపడితిమి. పదునైన నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తవలెను, ఇంకొంచెము మత్తు ఇత్తురు.

నోబుల్ దొరగారు, ఫాక్సు దొరగారు సువార్తతో బందరు వచ్చిన 1841లో ఈ మేలు లేదు. మత్తుమందుతో నొప్పి లేకుండ కోయవచ్చునని 1846లో అమెరికాలో అందరి యెదుట చూపిన మోర్టన్ పండ్ల డాక్టరే. నేడు చిగురులో వేయు లిడోకెయిన్ మందును 1943లో స్వీడనులో తయారు చేసిరి. మన తాతలు నలుగురు పట్టుకొనగా పన్ను పీకించుకొన్నారు.

తీసిన చోట దూది గుడ్డ పెట్టుదురు. దానిని అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టవలెను. ఆ గుంటలో గడ్డ కట్టిన రక్తమే కట్టు వంటిది. కాబట్టి ఆ దినము పుక్కిలింపరాదు, మాటిమాటికి ఉమ్మరాదు, గొట్టముతో పీల్చి త్రాగరాదు. చుట్ట, బీడీ, ఖైనీ అసలే కూడదు. ఉమ్మిలో కొంచెము ఎరుపు మరునాటి వరకు ఉండవచ్చును. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీరు. చల్లారిన జావ, పెరుగన్నము రెండవ ప్రక్కతో తినవలెను. తగ్గుచున్న నొప్పి మూడవ, నాలుగవ దినమున తిరిగి చెవి వరకు పోటు పెడితే, గుంటలోని గడ్డ ఊడిపోయినదని అర్థము. డాక్టరు మందు పెట్టును. రక్తము ఆగకున్నను, జ్వరము వచ్చినను, మ్రింగలేకపోయినను తెల్లవారువరకు ఆగరాదు. పిల్లలకు తీయించినప్పుడు మొద్దుబారిన పెదవిని కొరుక్కొనకుండ రెండు మూడు గంటలు తల్లి కనిపెట్టవలెను.

పై పన్ను తీస్తే కంటి చూపు పోవునని ముసలమ్మలు అడుగుచుందురు. పోదు. పంటి నరము వేరు, చూపు నరము వేరు.

మేము ప్రతి నెల రెండవ మంగళవారము పని మీద బందరు వెళ్లుదుము. పంటి బాధ ఉన్నవారు ఆ ఉదయము అవనిగడ్డ బస్టాండులో మమ్మును కలిసికొంటే ఆసుపత్రి వరకు వెంట వచ్చెదము. టిఫిను తిని రావలెను. షుగరు, బీపీ మాత్రలు మానరాదు. రక్తము పలుచన చేయు మాత్రలు వాడువారు తమంతట తాము ఆపక, చీటీ తెచ్చి చూపవలెను. గర్భిణీ స్త్రీలు ఆ మాట ముందే డాక్టరుతో చెప్పవలెను. తువ్వాలు ఒకటి తెచ్చుకొనుడి.