వికటకవికి యంత్రం పెట్టిన పరీక్ష

ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితునికి ప్రోగ్రామింగుతో పని ఏమిటని ఇంటా బయటా అడుగుతున్నారు. పని ఉన్నదనే నా సమాధానం. నిఘంటువులు, కావ్యాలు, వ్యాకరణాలు అన్నీ కంప్యూటరులోకి చేరుతున్న కాలమిది. ఆ యంత్రం మన అక్షరాన్ని ఏ కంటితో చూస్తున్నదో అక్షరాలనే నమ్ముకొని బ్రతికినవాడికి తెలియవద్దా? అందుకే అరవై దాటిన తరువాత మళ్ళీ పలక పట్టినాను. ఈసారి దిద్దుతున్న ఓనమాలు పైథాన్ భాషవి.

పేరు చూసి కొండచిలువ అనుకోనక్కరలేదు. నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1991లో ఈ భాషను లోకానికి విడుదల చేసినాడు. బీబీసీలో ప్రసారమైన 'మాంటీ పైథాన్' అనే హాస్య కార్యక్రమం మీది ఇష్టంతో ఆ పేరు పెట్టినాడు. హాస్యం నుండి పుట్టిన పేరు కనుక మన వికటకవికి ఇది దూరపు చుట్టమే.

నేను పట్టుకున్న పుస్తకం అలెన్ డౌనీ వ్రాసిన 'థింక్ పైథాన్'. దాని పుట్టుక ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. 1999లో ఆయన జావా భాష బోధించవలసి వచ్చినప్పుడు, పెద్ద పెద్ద పాఠ్యగ్రంథాలను విద్యార్థులు చదవలేరని గ్రహించి, రెండు వారాలలో ఒక చిన్న పుస్తకం తానే వ్రాసుకొని, ఎవరైనా మార్చుకోవచ్చునని అనుమతించి విడిచిపెట్టినారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు జెఫ్రీ ఎల్క్‌నర్ దానిని తీసుకొని పైథాన్‌లోకి మార్చినారు. అది 2001లో అచ్చయినది. తరువాత డౌనీ తిరిగి వ్రాయగా 2012లో 'థింక్ పైథాన్' అయినది. 2015లో రెండవ కూర్పు, 2024లో మూడవ కూర్పు వెలువడినవి. నేను చదువుతున్నది రెండవది. రొక్కం చెల్లించకుండానే అంతర్జాలంలో చదువుకోవచ్చును.

పుస్తకపు నడక మన వాచకాల నడకే. ప్రతి అధ్యాయం చివర కొత్త పదాలకు అర్థాలు, ఆ పిమ్మట అభ్యాసాలు. తొలి అధ్యాయంలోనే సహజ భాషలకూ కృత్రిమ భాషలకూ భేదం చెప్పి, కవిత్వాన్నీ వచనాన్నీ ప్రోగ్రామునూ పక్కపక్కన నిలబెట్టినారు. కవిత్వంలో నానార్థం భూషణం. ప్రోగ్రాములో దానికి చోటే లేదు. శ్లేషలో పెరిగినవారికి ఇది కొంచెం కటువుగా తోస్తుంది. కాని సూత్రవాఙ్మయం చదివినవారికి కొత్త కాదు. ఒక మాటకు ఒకే అర్థం, ఒక సూత్రానికి ఒకే పని.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆరవ అధ్యాయంలో ఒక అభ్యాసం ఉన్నది. ముందు నుండి చదివినా వెనుక నుండి చదివినా ఒకే విధంగా ఉండే పదాన్ని గుర్తించే ఫంక్షను వ్రాయమన్నారు. ఫంక్షను అంటే గణిత వాచకాలలో మనం ప్రమేయం అనేది. నిర్వచనం ముచ్చటగా ఉన్నది. పదంలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ ఒకటే కావలెను. వాటిని తీసివేయగా మిగిలిన నడిమి భాగం కూడా అటువంటిదే కావలెను. ఆ నడిమి భాగాన్ని పరీక్షించడానికి ఫంక్షను తనను తానే మళ్ళీ పిలుచుకుంటుంది. ఒక అక్షరం మిగిలినా, ఏమీ మిగలకపోయినా అక్కడితో ఆగుతుంది. ఎంత పెద్ద పదమైనా నాలుగైదు పంక్తులలో తేలిపోతుంది.

నటన, జలజ, కనక అనే మాటలు ఇచ్చినాను. ఔననే చెప్పినది. ఆ పిమ్మట మన భాషలో ఈ విద్యకు పెట్టింది పేరైన 'వికటకవి'ని ఇచ్చినాను. కాదన్నది!

తెలుగు బిడ్డ ఎవరిని అడిగినా ఔనని చెప్పే మాటను యంత్రం కాదనడానికి కారణం ఏమిటి? పుస్తకంలోని నిర్వచనం తప్పు కాదు. యంత్రమూ తప్పు చేయలేదు. ఆ అభ్యాసం ఇంగ్లీషు అక్షరాల కొరకు ఏర్పడినది. యూనికోడులో మన 'వి' ఒక అక్షరం కాదు. 'వ' ఒక సంకేతం, దాని మీది గుడి మరొక సంకేతం. మనకు ఐదు అక్షరాలైన వికటకవి యంత్రానికి ఏడు సంకేతాల వరుస. ఆ వరుసను వెనుక నుండి చూస్తే మొదట వచ్చేది 'వి' కాదు, అచ్చు లేక హల్లు ఏదీ కాని ఒంటరి గుడి! 'వ'కూ గుడికీ పోలిక ఎక్కడిది?

'స్త్రీ' అన్న మాట పొడవెంతో చెప్పమంటే ఆరు అన్నది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం. ఇక్కడ నేను చాలసేపు ఆగిపోయినాను. ఛందస్సు చదివినవాడికి ఇది ఒక అక్షరం, ఒక గురువు. వ్యాకరణం చదివినవాడికి స్, త్, ర్, ఈ అనే నాలుగు వర్ణాలు. యంత్రానికి ఆరు గుర్తులు. ఒకే మాటకు మూడు లెక్కలు, మూడూ తమ తమ చోట సత్యాలే. యంత్రం లెక్క పిల్లవాడు పలక మీద దిద్దే లెక్కకు దగ్గర. తలకట్టుకు బదులు గుడి పెట్టు, కింద వత్తు తగిలించు అని మనం చెప్పమా?

కనుక మార్చవలసినది నిర్వచనాన్ని కాదు, అక్షరమంటే ఏమిటో యంత్రానికి చెప్పవలెను. సంవత్సరాల తరబడి తరగతి గదిలో అక్షరాన్ని చెవితో చెప్పినాను. చప్పట్లు కొట్టించి లెక్కపెట్టించినాను. చెవి లేని విద్యార్థికి చెప్పవలసి రావడం ఇదే మొదలు. మూడు సూత్రాలు కావలసివచ్చినవి.

మొదటిది: గుడింతపు గుర్తు, సున్న, విసర్గ, పొల్లు వచ్చినప్పుడు అవి ముందున్న అక్షరంలోనే చేరవలెను. రెండవది: పొల్లు వెంట వచ్చిన హల్లు కొత్త అక్షరం కాదు, ముందుదానికి వత్తు. మూడవది: పదాంతంలో పొల్లుహల్లు మిగిలితే, 'పూసెన్' అన్నచోట నకారం వలె, అది విడిగా నిలువదు. ముందున్న దానితో కలిసి దానిని గురువు చేస్తుంది. ఇవి తప్ప మిగిలిన ప్రతి సంకేతమూ కొత్త అక్షరానికి నాంది.

ఈ సూత్రాలతో పదాన్ని అక్షరాల పట్టికగా విడదీసి, ఆ పట్టికను పాత ఫంక్షనుకే ఇచ్చినాను. అందులో ఒక్క పంక్తి మార్చలేదు. వి, క, ట, క, వి. ఔనన్నది. పైథాన్ మూడవ తరంలో మనం పెట్టుకొనే పేర్లు తెలుగులో ఉండవచ్చును కనుక, విడదీసే ఫంక్షనుకు 'అక్షరాలు' అనే పేరు పెట్టుకున్నాను. భాషలోని మూలపదాలు మాత్రం ఇంగ్లీషువే.

తొమ్మిదవ అధ్యాయంలో ఇంకొక విందు. ఇంగ్లీషులో 'ఇ' అక్షరం లేకుండా 1939లో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ వ్రాసిన 'గాడ్స్‌బీ' అనే నవలను తలచి, ఆ అక్షరం లేని మాటలను ఏరమన్నారు. మనకు దండి గుర్తుకు రాకుండునా? దశకుమారచరితం ఏడవ ఉచ్ఛ్వాసంలో మంత్రగుప్తుడు ప్రియురాలి దంతక్షతంతో పెదవి నొచ్చి, పెదవులు కలవని మాటలతోనే తన కథ చెబుతాడు. ఆ కావ్యాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన తెనిగించి అభినవదండి అనిపించుకున్నాడు.

నిరోష్ఠ్య పరీక్ష వ్రాయడానికి పవర్గం ఒక్కటి చాలదు. ఉ, ఊ కావలెను. కంఠోష్ఠ్యాలైన ఒ, ఓ, ఔ కావలెను. దంతోష్ఠ్యమైన వ కావలెను. యంత్రానికి 'ఉ' వేరు, కొమ్ము వేరు కనుక రెండూ చెప్పవలెను. 'పదం' వంటి మాటల చివరి సున్న మకారంగా పలుకుతుంది గనుక దానినీ చేర్చవలెను. ఇంత చేసి మన భాష పేరును పరీక్షిస్తే, కొమ్ముల వల్ల 'తెలుగు' నిలువలేదు. 'ఆంధ్ర' నిలిచినది!

ఇది వినోదమే కాని వినోదం మాత్రమే కాదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు రేపు ప్రోగ్రామింగు నేర్వబోయి తన భాషతో ప్రయోగం చేస్తే, వికటకవి కాదన్న జవాబే ఎదురవుతుంది. ఎందుకో చెప్పేవారు లేకపోతే, ఈ యంత్రం తన భాషకు పనికిరాదనో, తన భాషే యంత్రానికి పనికిరాదనో అనుకుంటాడు. రెండవది మరీ ప్రమాదం. దానికి విరుగుడు మన పాత చదువులోనే ఉన్నది. లఘుగురువులు, స్థానభేదాలు, సంయుక్తాక్షరాలు ఇప్పుడెవరికి అక్కర అని పదవీ విరమణ సభలో ఒకరు అన్నారు. అక్కర ఉన్నది. యంత్రానికి వాటిని చెప్పేవారు తక్కువ, అంతే.

ఒక పాఠశాల ఉపాధ్యాయుడు పరాయి భాష పుస్తకాన్ని తన విద్యార్థులకు కావలసినట్లు మలచుకొనబట్టే నా చేతికి ఈ పుస్తకం వచ్చినది. లాభాపేక్ష లేకుండా, మూలకర్తను పేర్కొని మార్చుకొనడానికి ఈ కూర్పుకూ అనుమతి ఉన్నది. పదక్రీడల అధ్యాయాన్ని తెలుగు అక్షరంతో మొదలుపెట్టి వ్రాయడం ప్రారంభించినాను. ప్రోగ్రామింగు తెలిసిన మిత్రులు నా సూత్రాలను పరీక్షించండి. ఛందస్సు తెలిసిన మిత్రులు నాలుగవ సూత్రం ఏదైనా అవసరమైతే చెప్పండి.

స్వస్తి.