అమెద్ తీరమున ఉప్పుమళ్ళు

బాలిద్వీపమునకు పోయి వచ్చితిమని తెలియగానే మా వీధిలోని స్త్రీలందఱును దేవాలయములను గూర్చియు, నృత్యములను గూర్చియు అడిగిరి. ఉప్పును గూర్చి యెవ్వరును అడుగలేదు. మేము చూచినవానిలో మా మనస్సున నిలిచినది ఉప్పే యగుటచే, సోదరీమణులకు ముఖ్యముగా దానినే విన్నవింపదలచితిమి.

మా మఱది సింగపురమున ఉద్యోగము చేయుచున్నాడు. "వదినా, ఈ సెలవులకైనను రావలయును" అని రెండేండ్లుగా పిలుచుచుండెను. తుదకు మావారి పాఠశాల తెఱచుటకు ముందు, జూన్ మొదటివారమున, సింగపురము మీదుగా మువ్వురమును బాలికి పోయితిమి. మఱదికి మలయుభాష వచ్చును. ఇండోనేషియా భాషయు దానికి తోబుట్టువే గనుక మాకు మాటకు కొఱత లేకపోయెను.

విమానాశ్రయము ద్వీపమునకు దక్షిణమున నున్నది. అచ్చటినుండి ఈశాన్యముగా మూడు గంటలు కారులో పోవలయును. త్రోవలో ఒకచోట 'తీర్థగంగ' అను పేరు విని ఆగితిమి. కరంగాసెం రాజు 1946లో కట్టింప నారంభించిన జలోద్యానమది. కాశి యెంత దూరముననున్నను గంగపేరైనను ఇంటిముంగిట నిలుపుకొన్నారు గదా యని సంతసించితిమి. అంతవరకు త్రోవ కిరువైపులను మెట్లుమెట్లుగా దిగు పచ్చని వరిచేలే. ఆ పిమ్మట చులిక్ అను కూడలి దాటగానే నేల రంగు మారినది. మూడువేల మీటర్లకు మించిన ఆగుంగ్ పర్వతము మేఘముల నడ్డగించుటచే ఈ తీరమున వాన తక్కువ. ఎండిన కొండవాలులు, నల్లని ఱాళ్ళు, వాని నడుమ తాటిచెట్లు! తాళ్ళను చూడగానే మావారు, "మరల చినగంజాము చేరితిమి కాబోలు" అనిరి.

అమెద్ అనునది మొదట ఒక పల్లె పేరు. ఇప్పుడు సముద్రపుటొడ్డున వరుసగానున్న పల్లెల కన్నింటికిని కలిపి ఆ పేరే చెప్పుచున్నారు. ఇసుక నల్లనిది, అగ్నిపర్వతపు బూడిద యట. ఇసుకపై 'జుకుంగ్' అను సన్నని పడవలు ప్రక్కప్రక్కన ఒదిగియున్నవి. ఇరుప్రక్కలను సాలెపురుగు కాళ్ళవలె చాచిన వెదుళ్ళు వానిని నీట బోర్లపడనీయవు. ముక్కున పెద్ద కన్నులు చిత్రించియుందురు. తెల్లవాఱకముందే మగవారు ముక్కోణపు చాపలెత్తి, ఒకే దారమునకు పెక్కు గాలములు కట్టి లాగుచు పోయెదరు; ప్రొద్దెక్కునప్పటికి తిరిగి వత్తురు. పడవ యిసుక తాకగానే స్త్రీలు గంపలతో నీటిలోనికి దిగుదురు. ఆపై బేరమంతయు వారిదే. వర్షకాలమున కొండవాలులలో మొక్కజొన్నయు, వేరుసెనగయు విత్తుదురు. ఎండకాలమున కొండ ఏమియు ఈయదు. అప్పుడు ఉప్పు.

మేము దిగిన బస నాలుగు గదులది, అలలకు పదియడుగుల దూరముననున్నది. అందు వంట చేయు ఆమెను అందఱును 'ఇబు' అందురు. అమ్మ అని అర్థము. పేరడిగినచో, తానింటికి మొదటిబిడ్డ గనుక వాయాన్ అని చెప్పెను. రెండవబిడ్డ మాదే, మూడవది న్యోమాన్, నాలుగవది క్‌తుట్. ఐదవబిడ్డ పుట్టినచో మరల వాయానే. ఊరెల్ల ఈ నాలుగు పేళ్ళే యైనచో తపాలావాని గతి యేమగునో! ఆమె వంటయింటి గోడ కాలపత్రముపై శకసంవత్సరము చూచి మాకు ప్రాణము లేచివచ్చినది. వారి కొత్తయేడు 'న్యెపి'. ఆనాడు దీపము వెలిగింపరు, పొయ్యి రాజేయరు, వీధిలోనికి రారు. 2023లో మన ఉగాదియు వారి న్యెపియు ఒకేనాడు, మార్చి 22న వచ్చినవి. మనము షడ్రుచులతో ఆరంభించు దినమును వారు ఉపవాసముతోను మౌనముతోను ఆరంభింతురు.

బస ప్రక్కనే ఇబుగారి ఆడుబిడ్డ ఉప్పుమడి యున్నది. ఆ పని చూచుటకు మేము మూడు ప్రొద్దులు అచ్చటనే కూర్చుంటిమి. మన చినగంజాములో మళ్ళలోనికి నీరు పెట్టి, ఎండకు విడిచి, పేరిన ఉప్పును పలకలతో లాగుదురు. ఇచ్చట అట్లు కాదు. మొదట మన్ను చదును చేసిన మడిపై ఆమె కావడితో సముద్రపు నీరు మోసి తెచ్చి, ముగ్గు చల్లునంత ఒడుపుగా చల్లును. ఎండిన పిమ్మట మరల చల్లును. కొన్నిదినములకు ఉప్పు పట్టిన పైమన్ను గీచి ప్రోగుచేసి, వెదురుబద్దలతో అల్లిన ఒక పెద్ద గరాటులో నింపి, త్రొక్కి, దానిపై మరల సముద్రపు నీరే పోయును. మన్నులోని ఉప్పునెల్ల కడిగికొని చిక్కని ఉప్పునీరు చుక్కచుక్కగా అడుగున దిగును. మేము మన యింట కాఫీ దించు విధము జ్ఞాపకము తెచ్చుకొని నవ్వితిమి గాని, ఆ మన్ను మోయు భుజములను చూచినపుడు నవ్వు నిలువలేదు.

ఆ నీటిని కొబ్బరిమ్రానులను నిలువున చీల్చి తొలిచిన దోనెలలో పోయుదురు. వానిని 'పలుంగాన్' అందురు. ఎండ బాగుగా కాసినచో మూడు నాలుగు దినములలో ఉప్పు పేరును. చిన్న జల్లు పడెనా, అంతయు కరగి మొదటికి వచ్చును.

రెండవనాటి సాయంకాలము ఇబుగారు మా గది నేలను చూపి, "నా తల్లి మడి ఇచ్చటనే యుండెడిది" అనెను. మేము కూర్చున్న చాప పైనుండి అప్రయత్నముగా లేచితిమి. ఆ భూమి ఆమె తల్లిది కాదు, ఒక ఆసామిది. పండిన ఉప్పులో ఆయనకు పాలిచ్చి తల్లి జీవించెడిది. బసలకు భూమి వెల పెరుగగా ఆసామి నేలను విడుదులవారికి ఇచ్చివేసెను. ఉప్పు తీయువారి నెవ్వరు అడుగుదురు? ఇప్పుడు ఆడుబిడ్డ మడికిని అడుగువారు వచ్చిపోవుచున్నారట.

"అట్లయిన మా వంటివారు వచ్చుట మీకు కష్టమే గదా?" యని మఱదిచేత అడిగించితిమి.

ఆమె తలయూపి కాదనెను. తల్లి పాదములు ఉప్పునకు పగిలి రాత్రులు నిద్రపట్టెడిది కాదట. తన కుమారుడు బస జీతముతోనే చదువుకొనుచున్నాడట. కొంతసేపు బియ్యమేరుచు ఊరకుండి, "2017లో ఆగుంగ్ పొగ క్రక్కినపుడు అతిథులు రాలేదు. 2020 ఏప్రిల్ మొదలు 2021 అక్టోబరు వఱకు, ఆ మహమ్మారి దినములలో, పరదేశపు అతిథి యొక్కడును రాలేదు. బసకు తాళము వేసిరి. అప్పుడు మేమేమి తింటిమి? ఆయన పట్టిన చేప, కొండమీది మొక్కజొన్న, వదిన తీసిన ఉప్పు. ఆ మడికూడ పోయిన పిమ్మట మరల అట్టి దినములు వచ్చునేమో యని నాకు భయము" అనెను.

ఆగుంగ్ మాట అచ్చట ఊరక అనరు. 1963 మార్చి 17న అది బ్రద్దలై వేయిమందికి పైగా మడిసిరి. 2017లో లక్షకు మించినవారు ఇండ్లు విడిచి శిబిరములలో తల దాచుకొనిరి. ఆ పర్వతమునకే వారు నిత్యమును చేతులెత్తి మ్రొక్కుదురు. ప్రాతఃకాలమున ఇబుగారు లేత కొబ్బరాకుల దొప్పలలో పూలు, అగరువత్తి పెట్టి గడపల యొద్ద ఉంచునపుడు, ఒక దొప్పను ఆ ఉప్పు దోనెల యొద్దను ఉంచి వచ్చుట చూచితిమి.

బయలుదేరునాడు ఆడుబిడ్డ తాటాకు బుట్టలో ఉప్పు కట్టి యిచ్చెను. ఆమె అడిగిన వెలకు మావారు కొంత చేర్చి యిచ్చిరి. ఆమె ఎక్కువది తిరిగి ఇచ్చివైచి, మరికొంచెము ఉప్పు పోసెను.

ఇంటికి వచ్చి దానితో నిమ్మకాయ ఊరవైచితిమి. అత్తగారు రుచి చూచి, "ఇందులో చేదు లేదే!" యని, వెల విని, "ఇంత పోసి ఉప్పు కొన్నవారిని నేనెక్కడను వినలేదు" అనిరి. మన్ను చల్లుట మొదలు దోనెలవఱకు అంతయు చెప్పితిమి. ఆమె మారు పలుకక బుట్టను మూతవేసి, చెమ్మ తగులని చోట, పొయ్యికి పైగానున్న అలమారులో పెట్టిరి.

ఆ మడి యింకను ఉన్నదో లేదో, మఱది ఈసారి పోయినప్పుడు చూచి వ్రాసెదనన్నాడు.