శాతం వెనక పిల్లలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, టీ కొట్టు దగ్గర కూడా శాతాల లెక్కే. ఫలానా బడిలో అందరూ పాసయ్యారట, ఫలానా దాంట్లో సగం మంది తప్పారట! ఆ రెండంకెలు పట్టుకునే బడి మంచిచెడ్డలు తేల్చేస్తాం.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని కదా, సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. మొన్నామధ్య మా చెల్లెలే అడిగింది. ‘అన్నా, పాపను ఊళ్లో హైస్కూల్లోనే ఉంచమంటావా, టౌను బడికి మార్చమంటావా? అక్కడ శాతం ఎక్కువంట’ అని.

ఆ రెండు చోట్లా పనిచేశాన్నేను. టౌను బడికొచ్చేది చిరుద్యోగుల పిల్లలూ, దుకాణాలవాళ్ల పిల్లలూ. సాయంత్రమైతే ట్యూషన్లు. మా ఊరి సంగతి వేరు. మాది కర్నూలు జిల్లా పడమటి పల్లె. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక చేసేందుకు పనుండదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు సీమకు మిరపకోతలకు వలసపోతాయి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టినా, చంటివాణ్ని చూసుకోవడానికని పెద్దపిల్లను వెంట తీసుకెళ్లేవాళ్లున్నారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు నెత్తిమీదుంటాయి.

2024లో రాష్ట్రం మొత్తమ్మీద 86.69 శాతం పాసైతే, కర్నూలు జిల్లా 62.47 శాతంతో ఆఖరున నిలిచింది. ఆ అంకెలో మాస్టారి వాటా ఎంత, మిరపచేను వాటా ఎంత?

అలాగని నేరమంతా పేదరికం మీదకి తోసేయడానికీ లేదు. అదే ఏడాది 96.37 శాతంతో మొదట నిలిచింది పార్వతీపురం మన్యం. కురుపాం, సీతంపేట గిరిజన పల్లెలున్న జిల్లా. 2023లోనూ, 2025లోనూ మొదటి స్థానం దానిదే. 2025లో 47.64 శాతంతో ఆఖరున నిలిచిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ గిరిజన పల్లెలే. కాబట్టి పిల్లలెవరో తెలిసినంత మాత్రాన ఫలితం తెలిసిపోదు. ఫలితం చూసినంత మాత్రాన బడి తెలిసిపోదు.

ఇంకో మాట. ఏపీ గురుకులాలు ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటాయి. పరిషత్ బడి గేటు దగ్గర ఏ పరీక్షా లేదు. వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోవాల్సిందే. ఆ రెంటినీ ఒకే తక్కెడలో తూస్తే ఎలా?

అందుకే మా చెల్లెలికి శాతం పక్కనపెట్టి మూడు ప్రశ్నలు అడిగి రమ్మన్నాను. ఆరులో చేరినవాళ్లలో ఎందరు పదో తరగతి పరీక్ష దాకా వచ్చారు? అన్ని సబ్జెక్టులకూ టీచర్లున్నారా? వారం రోజులు రాని పిల్ల ఇంటికి ఎవరైనా వెళ్తున్నారా?

రెండు బడులకూ వెళ్లొచ్చింది. టౌనులో టీచర్లందరూ ఉన్నారు. కానీ మానేసినవాళ్ల గురించి అడిగితే జవాబు లేదు. ఊళ్లో హెడ్మాస్టరమ్మ వలసవెళ్లిన ప్రతి పిల్ల పేరూ, ఫోన్లో మాట్లాడిన తేదీలూ రాసుకున్న పుస్తకం చూపించింది. ఫిజిక్స్ పోస్టు మాత్రం ఖాళీ.

పాప ఊళ్లో బడికే వెళ్తోంది. ఫిజిక్స్ టీచరు కోసం తల్లిదండ్రులు అర్జీ పెట్టారు. అందులో మొదటి సంతకం మా చెల్లెలిది.