సినిమాలు కాపురానికెళ్లిన ఊరు

సిసిలీ దీవి పడమటి వైపు కొండ మీద ఓ పాత కోట, దాని చుట్టూ సన్నటి సందులు. ఊరి పేరు సలేమీ. 1860లో గరిబాల్డీ దండు విడిది చేసిన ఊరిది. 1968 జనవరిలో వచ్చిన భూకంపానికి పాత ఊరు బాగా దెబ్బతింది. జనం వదిలేసిన ఇళ్లను ఒక్క యూరోకే ఇస్తామని 2008లో మేయర్ ప్రకటించారు కూడా.

అలాంటి చోటికి న్యూయార్క్ నుంచి ఏకంగా 55 వేల సినిమాలు వచ్చి దిగాయి!

వాటి పుట్టిల్లు మన్‌హట్టన్‌లోని 'కిమ్స్ వీడియో'. కొరియా నుంచి వలస వచ్చిన యాంగ్‌మన్ కిమ్ తన డ్రైక్లీనింగ్ షాపులో ఓ మూల క్యాసెట్లు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. బట్టల కంటే క్యాసెట్లకే గిరాకీ పెరిగింది. 1987లో వాటికోసమే షాపు తెరిచాడు. అందరికీ తెలిసిన సినిమాలైతే ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడికొచ్చేవాళ్లు వెతికేవి వేరే.

ఉదాహరణకి 'ఎల్ టోపో'. నల్ల దుస్తుల్లో గుర్రమెక్కిన ఓ తుపాకీ వీరుడు ఎడారిలో నలుగురు మొనగాళ్లను వెతుక్కుంటూ పోతాడు. తర్వాత జరిగేదంతా పీడకలలా ఉంటుంది. ఎంతమందికి నచ్చుతుందంటే చెప్పడం కష్టమే! కానీ 1970 డిసెంబరు నుంచి న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలుగా నెలల తరబడి ఆడింది. ఆ తర్వాత దర్శకుడు హొడరోవ్‌స్కీకీ, హక్కులున్న అలెన్ క్లైన్‌కీ చెడింది. 2007లో డీవీడీ వచ్చేదాకా అభిమానులకు దొంగ నకళ్లే దిక్కు. అర్థంకాని సినిమా, పైగా దొరకదు... ఇక సేకరించేవాళ్లు ఊరుకుంటారా?

డీవీడీలు ఇంటికే వచ్చే రోజులొచ్చాక కిమ్ షాపుకి గిరాకీ పడిపోయింది. సేకరణను విడదీయకూడదు, తన సభ్యులకు చూసే వీలుండాలి అన్న షరతులతో 2008లో ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. ఎగిరి గంతేసింది సలేమీ. సినిమాలు రాత్రింబవళ్లు వేస్తామంది, డిజిటల్‌లోకి మారుస్తామంది.

అత్తారింటికెళ్లిన పిల్ల దగ్గర్నుంచి ఉత్తరం రానట్టే అయింది. డేవిడ్ రెడ్‌మన్, ఆష్లీ సేబిన్ అనే దర్శక దంపతులు కెమెరాతో సలేమీ వెళ్లి చూస్తే క్యాసెట్లు తాళం వేసిన గదుల్లో, చెమ్మలో పడున్నాయి. చూసే నాథుడే లేడు. సేకరించినవాళ్లకు ఇంతకంటే గుండెకోత ఏముంటుంది? 2023లో వచ్చిన వాళ్ల డాక్యుమెంటరీలో తర్వాతి ఘట్టం మరీ విచిత్రం. ప్రఖ్యాత దర్శకుల ముఖాలున్న మాస్కులు తగిలించుకుని, సినిమా షూటింగ్ వంకతో క్యాసెట్లు మోసుకొచ్చేస్తారు!

2022లో అవి మన్‌హట్టన్ చేరాయి. ఓ సినిమా హాల్లో 'కిమ్స్ వీడియో' బోర్డు మళ్లీ వెలిగింది.