అంజునా తీరాన

గోవా అనగానే మన పెద్దలకు పాత గోవాలోని గొప్ప దేవాలయాలు గుర్తుకు వస్తాయి, మన యౌవనస్థులకు సముద్రతీరం గుర్తుకు వస్తుంది. గుంటూరు, నంద్యాల మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్సు ఇరువురినీ మోసుకొనిపోతుంది. దూద్‌సాగర్ జలపాతం పక్కగా రైలు ఘాటు దిగేటప్పుడు పెట్టెలోనివారంతా కిటికీల దగ్గరే ఉంటారు. మడగావ్‌లో దిగి పణజి, మాపుసాల మీదుగా బస్సులో అంజునా చేరవచ్చు.

అంజునా పాత పల్లె. కొబ్బరితోటలు, ఎర్రరాతి గోడలు, తెల్లని సెయింట్ మైకేల్ దేవాలయం. 1960ల చివర నుండి పాశ్చాత్య హిప్పీలు ఇక్కడ చేరారు. బుధవారపు సంత వారు మొదలుపెట్టినదే. తీరాన వారి రాత్రి ఆటపాటల నుండి పుట్టిన 'గోవా ట్రాన్స్' సంగీతం 1990లలో లోకమంతా పాకింది. సంగీతం చెడ్డదని నేననను. గోవాలో దేవాలయపు బడులే తరతరాల పిల్లలకు వయొలిన్ నేర్పాయి.

2007లో కాండోలిమ్ తీరాన సన్‌బర్న్ ఉత్సవం మొదలైంది. 2019 డిసెంబరులో ఇది అంజునా పక్కనున్న వాగటోర్‌లో జరిగింది. ఆ ఉత్సవానికి ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఇద్దరు యువకులు అస్వస్థులై మరణించారు. మాదకద్రవ్యం వల్లనేమోనని అప్పట్లో అనుమానించారు. ఇరవైలలో ఉన్న బిడ్డలు. వాగటోర్ పైనున్న చపోరా కోట గోడమీద మనవారి మాట వినిపించినప్పుడల్లా నాకు వారి తల్లులే తలపుకు వచ్చారు.

ఇటువంటి ఉత్సవాలలో చేతులు మారే ఎక్స్‌టసీ బిళ్ల శరీరపు వేడిని పెంచుతుంది. గుంపులో, ఉక్కలో గంటలకొద్దీ గంతులు వేస్తే ఆ వేడి ప్రాణాంతకమవుతుంది. అలాగని కడవలకొద్దీ మంచినీళ్లు తాగినా ముప్పే: రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది, మూర్ఛ వస్తుంది. పైగా బిళ్లలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఎక్స్‌టసీ పేరుతో అమ్మే కొన్ని విషాలు ఆలస్యంగా ఎక్కుతాయి. పని చేయలేదనుకొని రెండవది మింగుతారు.

కాని ప్రాణం పోవడానికి మరొక కారణముంది, అది భయం. 1985 నాటి చట్టం ప్రకారం వాడకమూ నేరమే గనుక, పోలీసులు వస్తారని, ఇంట్లో తెలుస్తుందని, స్నేహితులు పడిపోయినవాణ్ణి గదిలో పడుకోబెట్టి తెల్లవారేదాకా చూస్తారు. కొందరు మత్తు దిగుతుందని నిమ్మరసం, మజ్జిగ పోస్తారు. స్పృహ లేనివాని నోట ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒళ్లు కాలుతుంటే తడిగుడ్డతో చల్లబరచి, 108కి ఫోను చేయాలి. ఏమి మింగాడో వైద్యునికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

త్రోయలో ఐతుకు అను యౌవనస్థుడు మూడవ అంతస్తు నుండి పడిపోయినప్పుడు పౌలు ప్రసంగం ఆపి క్రిందికి దిగిపోయి వానిని కౌగిలించుకొన్నాడు. ఎందుకు నిద్రపోయావని అడిగినట్లు లేఖనంలో లేదు.

మా యౌవనస్థుల కూడిక గదిలో నల్లబల్లమీద 108, మత్తు మాన్పించే జాతీయ ఉచిత సహాయ ఫోను 14446, వాటి క్రింద నా నంబరు వ్రాయించాను. దేవుని మందిరంలో ఇవేమి అంకెలని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఆయన మనవడు బెంగళూరులో చదువుతున్నాడు. పోయిన ఆదివారం ఆయన కళ్లజోడు పెట్టుకొని ఆ మూడు నంబర్లూ తన డైరీలో ఎక్కించుకుంటూ కనబడ్డారు.